తలుపు వెనక పాఠం

1948 మార్చి 3, బుధవారం

మా ఆయన కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక వైపు నుంచి రాస్తున్నాను. ముందు పేజీల్లో ఎవరెవరి ఇళ్ళ దర్వాజాలో, పొడవూ వెడల్పూ ఉన్నాయి. ఆయన వచ్చాక అటు నుంచి రాసుకుంటారు. అప్పటికి నేను ఆపేస్తాను.

ఆయన జైలుకు వెళ్ళి ఏడు నెలలు. నిజాం రాజ్యంలో మూడు రంగుల జెండా ఎత్తినందుకు. ఉత్తరం వచ్చి రెండు నెలలు. "బాగున్న, బాపును పని చేస్కొమ్మను" అని ఉంది. రాత ఆయనది కాదు. తీరిక లేక ఎవరి చేతనో రాయించి ఉంటారు.

మార్చి 5

మామ ఈరోజు కూడా ఉలి పట్టలేదు. నాగలి బాగు చేయమని వచ్చిన మనిషిని వెనక్కి పంపాడు.

మార్చి 9, మంగళవారం

చెద పట్టిందేమో చూద్దామని అత్త నా పెట్టె తీసింది. అడుగున ఫిడేలు ఉంది. పెళ్ళయిన రెండేళ్ళలో దాన్ని ఎవరికీ చూపించలేదు. మా నాన్న మిషన్ బడికి బెంచీలు చేసేవాడు. అందుకని నన్ను నాలుగో తరగతి దాకా ఉండనిచ్చారు. సుసన్నమ్మ టీచరమ్మ ఈ ఫిడేలు నేర్పింది. నా పెళ్ళికి చీర పెట్టే స్తోమత లేక దీన్నే ఇచ్చింది.

"ఇదేందే బాలమ్మా, తంబూరకు చెల్లెలా?" అంది అత్త.

నేను తల వంచుకున్నాను.

"తల ఒంచితే మోగదు గని, వాయించు."

మామ అరుగు మీద ఉన్నాడు. మామ ఎదుట నేను మాట్లాడను, కూర్చోను. మామ కూడా నాతో నేరుగా మాట్లాడడు. ఫిడేలు ఎట్లా వాయిస్తాను? ఆ మాట అత్త చెవిలో చెప్పాను.

"గంతేనా? తలుపు దగ్గరికేస్కో. చెవులకు అడ్డం లేదు గద."

తలుపు వెనక కూర్చుని వాయించాను. అత్త విసురుతూ పాడే పాటే.   అయిపోయాక అరుగు మీద నుంచి మామ గొంతు వినిపించింది.

"ఇంకోపారి వాయించుమను."

మార్చి 12

మామ ఫిడేలును బయటికి తెప్పించుకుని దారంతో కొలిచాడు. ఒక్కో కొలతకు దారానికి ఒక ముడి. సాయంత్రానికి పాత తలుపు చెక్క ఒకటి బయటికి తీశాడు. ఉలి నూరిన చప్పుడు విని అత్త కళ్ళకు కొంగు అడ్డం పెట్టుకుంది. పొగ వల్ల అంది. అప్పటికి పొయ్యి ముట్టించనే లేదు.

మార్చి 27

మామ చేసిన ఫిడేలు అయింది. కొంచెం పెద్దది, బరువు. పై పలక మాత్రం తేలికైన పొనికి చెక్క. తీగల మీద గీసే కమానుకు గుర్రబ్బండి అతను గుర్రం తోక వెంట్రుకలు ఇచ్చాడు. గుగ్గిలం ఇంట్లోనే ఉంది.

తీగలకు పీర్‌సాబును పిలిచాడు మామ. ఆయన మా వెనక వీధిలో దూది ఏకుతాడు. దూది ఏకే విల్లుకు కట్టే మేక నరం తనే పేనుకుంటాడు. సన్నగా నాలుగు పేని తెచ్చి కట్టాడు. మా ఆయన చిన్నప్పటి నుంచి ఆయన్ని కాకా అని పిలుస్తారు. ఆ లెక్కన నాకు మామే. ఆయన ఎదుట కూడా తలుపు వెనకే.

పీర్‌సాబు మామ తీగ మీటి చూసి అన్నాడు: "నలభై ఏండ్ల సంది నరం మీద కొడుతున్న సిద్దన్నా. దూది లేచింది గని పాట లేవలే. నాకొకటి చెయ్యి."

"నీకు అరువై దగ్గరవడ్డయి."

"నీకేమన్న ఆరా?"

ఏప్రిల్ 14

నేర్చుకునేవాళ్ళు నలుగురయ్యారు, చేయి తిరిగాక మిగతా ఫిడేళ్ళు మామ తొందరగానే చేశాడు. మామ, అత్త, పీర్‌సాబు మామ, నారయ్య. నారయ్య పెద్ద చెరువులో చేపలు పడతాడు. తెప్ప బాగు చేయించుకుందామని వచ్చి కూర్చున్నాడు, ఇంక లేవలేదు. ఆయన వేలు ఒకటి పెడితే రెండు తీగలు మునిగిపోతాయి.

పొద్దు వాలే ముందు గంటసేపు. వాళ్ళు వాకిట్లో చాప మీద, నేను తలుపు వెనక. ముందు నేను వాయిస్తాను, వాళ్ళు వాయిస్తారు. సరిగ్గా వస్తే తలుపు మీద ఒకసారి కొడతాను. తప్పితే రెండుసార్లు.

ఈరోజంతా రెండేసే.

ఏప్రిల్ 22

వింటే నవ్వొస్తుంది. అత్త వాయిస్తే బర్రె ఈనుతున్నట్టుందని నారయ్య అన్నాడు. "నీ చేపలు సచ్చింది చెరువెండి కాదు, నీ పాటకే" అంది అత్త. మామ నవ్వాడు. మా ఆయన జైలుకు వెళ్ళాక మామ నవ్వడం ఇదే మొదటిసారి వినడం.

మే 4

ఒక తప్పు జరిగిపోయింది. విసురురాయి పాట మొదటి నుంచి చివరి దాకా వచ్చింది వాళ్ళకు. కానీ మూడు చోట్ల నలుగురూ ఆగి ఫిడేలు చెక్క మీద రెండుసార్లు కొట్టారు. నేను ఆ మూడు చోట్లా రోజూ తప్పు అని కొడుతున్నాను కదా. అది కూడా పాటే అనుకున్నారు.

తప్పు అని చెప్పాలంటే మళ్ళీ కొట్టాలి. కొట్టాను. వాళ్ళు కూడా కొట్టారు.

అత్తను లోపలికి పిలిచి చెవిలో చెప్పాను. అత్త బయటికెళ్ళి చెప్పింది. 

"తియ్యొద్దు. గదే మంచిగున్నది" అన్నాడు పీర్‌సాబు మామ.

మే 11, మంగళవారం

ఈరోజు ఎవరూ రాలేదు. పాఠం జరగలేదు. ఎవరూ రాలేదు.

మే 14

పీర్‌సాబు మామ మూడు రోజులుగా రాలేదు. ఊళ్ళో రజాకార్ల ఊరేగింపు జరిగింది. నేను చూడలేదు, తలుపు వేసే ఉంది. పీర్‌సాబు వాళ్ళ జెండా పట్టుకుని ముందు నడిచాడని నారయ్య చెప్పి ఉమ్మేశాడు.

మే 17

పీర్‌సాబు మామ వచ్చాడు. వాకిలి బయటే నిలబడ్డాడు. నారయ్య ముఖం తిప్పుకున్నాడు. మామ చాలాసేపు కమాను వెంట్రుకలకు గుగ్గిలం రుద్దుతూ ఉన్నాడు.

"మెడ మీద కత్తి వెడితే ఎవ్వడైన మోస్తడు నారయ్యా. కూసో పీరూ."

కూర్చున్నాడు. నేను పాట మొదలుపెట్టాను. ఆ రోజు అందరివీ తప్పులే. నేను ఒక్కసారీ రెండు కొట్టలేదు.

జులై 19

వాన. తేమకు నరం ఉబ్బి తీగలు దిగిపోతున్నాయి. శ్రుతి చేయడానికే అరగంట. మేము ఇప్పుడు మూడు పాటలు వాయిస్తాం.

మేము అని రాశాను.

ఆగస్టు 6

ఆయన దగ్గర నుంచి ఏమీ లేదు. జైలుకు వెళ్ళి ఏడాదయింది.

సెప్టెంబర్ 14

ఆకాశంలో విమానాలు పోయాయి. అందరం లోపల ఉన్నాం. అత్త ఫిడేళ్ళను గోనె సంచుల్లో చుట్టి నీళ్ళ గాబు వెనక పెట్టింది.

సెప్టెంబర్ 18, శనివారం

యూనియన్ మిలిట్రీ పట్నంలోకి వచ్చేసిందట. నిజాం చేతులెత్తేశాడట. వీధిలో డప్పులు. నారయ్య చేపలు ఉత్తగానే పంచాడు.

పీర్‌సాబు మామ ఇంటి తలుపు మూసి ఉందని అత్త చెప్పింది. నారయ్య ఆ గడప ముందు కూడా రెండు చేపలు పెట్టి వచ్చాడట. కాకులు ఎత్తుకుపోయే దాకా ఎవరూ తలుపు తీయలేదట.

సెప్టెంబర్ 26, ఆదివారం

ఆయన వచ్చారు.

సెప్టెంబర్ 27

నిన్న రాయలేకపోయాను. చిక్కిపోయారు. మెడలో బంతిపూల దండలు ఉన్నాయి, అవి కూడా బరువుగా అనిపించాయి నాకు. కుడిచేతి నడిమి వేళ్ళు రెండూ ముడుచుకోవు. జైల్లో ఒకరోజు బయటి నుంచి రజాకార్లు కర్రలతో వచ్చి కొట్టారట. అంతే చెప్పారు. ఉత్తరం ఎవరు రాశారో నేను అడగలేదు.

ఫిడేళ్ళు చూసి నవ్వారు. "అవ్వా, నువ్వు గూడనా?" అన్నారు. అత్త వాయించి చూపించింది. "మస్తున్నదే" అన్నారు. నా వైపు చూశారు. నేను లోపలికి వెళ్ళిపోయాను, సంతోషం పట్టలేక.

సాయంత్రం పీర్‌సాబు మామ వచ్చాడు. గడ్డం తీసేశాడు, నెత్తి మీద టోపీ లేదు. వేరే మనిషి వచ్చాడనుకున్నాను. చేతిలో కొత్తగా పేనిన నరం చుట్ట ఉంది.

"వీరిగా, వచ్చినవా బిడ్డా" అన్నాడు.

ఊరేగింపు సంగతి ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు. "జెండ యాడ వెట్టినవ్ కాకా?" అన్నారు.

పీర్‌సాబు మామ నరం చుట్టను అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"ఆయన ఈ వాకిట్ల అడుగువెడితే నేను పెట్ట. ఇగ మీ ఇష్టం" అని ఆయన లోపలికి వచ్చేశారు.  ఏడాది జైల్లో ఉండి వచ్చిన కొడుకును మామ ఏమంటాడు.

ఆయన అలసిపోయి ఉన్నారు. ఆ మాట మనసులోది కాదు. రెండు రోజులు పోతే మరిచిపోతారు.

సెప్టెంబర్ 28

మరిచిపోలేదు.

మే 11న ఎవరూ రాలేదని రాశాను. అది అబద్ధం. ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడుతుందని భయపడ్డాను. ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం మామా అత్తా కర్ర కోసం చెరువు కట్ట వైపు వెళ్ళారు. పీర్‌సాబు మామ ఒక్కడే అరుగు మీద కూర్చుని అత్త ఫిడేలుకు తీగ మారుస్తున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను. నలుగురు రజాకార్లు వచ్చారు. జెండా ఎత్తినవాడి ఇంట్లో రోజూ మీటింగు జరుగుతోందట, ముసలాయన్ని తీసుకుపోతామన్నారు.

"మీటింగు కాదు భాయ్. నేను పెట్టిచ్చిన పాట" అన్నాడు పీర్‌సాబు మామ.

"అట్లయితే శుక్రవారం మా జెండా నువ్వే మోస్తవ్. లేకుంటే ముసలోన్ని గుంజుకపోతం" అన్నాడు ఒకడు.

ఆయన చేతిలో ఉన్న తీగ బిగించడం పూర్తి చేశాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు అన్నాడు: "మోస్త. మల్ల ఈ ఇంటి దిక్కు రావొద్దు."

వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరికి వచ్చాడు. "విన్నవా బిడ్డా? విననట్టే ఉండు. సిద్దన్నకు ఎరుకైతే తలకాయ ఎత్తడు."

నేను తలుపు మీద ఒకసారి కొట్టాను.

అప్పటి నుంచి ఈ సంగతి నాకూ పీర్‌సాబు మామకూ తప్ప ఎవరికీ తెలియదు. మాట ఇచ్చాను కనుక చెప్పలేదు. మాట ఇచ్చాను కనుకనే.

సెప్టెంబర్ 29

మాట ఇవ్వడం ఒక్కటే కాదు. నోరు తెరవడం నాకు చేతకాదు. ఆ రోజు కూడా తలుపు తీసి "ఇది పాటే" అని నేను అనలేదు.

సెప్టెంబర్ 30

పొద్దున బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే ఆయన వచ్చి తాడు అందుకున్నారు. రెండు వేళ్ళూ అడ్డం పడుతున్నాయి. మేమిద్దరమే ఉన్నాం. మొత్తం చెప్పాను. ఇన్ని మాటలు ఆయనతో ఒక్కసారిగా ఎప్పుడూ అనలేదు.

ఆయన కడవ కింద పెట్టారు.

"నీ మనసు మెత్తనిది బాలా. ఆయన మీద జాలితోని అంటున్నవా?"

"లేదు."

"నిజమైతే బాపుకు ఎందుకు చెప్పలే?"

నేను తాడు చుట్టడం మొదలుపెట్టాను.

"బాపు ముంగట చెప్పు. నీ నోటితోని. అప్పుడు నమ్ముత."

ఆయనకు తెలుసు, నేను చెప్పలేనని. కోపంతో అనలేదు. నెమ్మదిగా అన్నారు. అందుకే ఎక్కువ నొచ్చింది.

అక్టోబర్ 1, శుక్రవారం

పీర్‌సాబు మామ ఆదివారం మీర్‌పేట వెళ్ళిపోతున్నాడట, కూతురి దగ్గరికి. మూటలు కట్టారు. విల్లును గోనెలో చుట్టి బండికి కడుతుంటే అత్త చూసిందట. "ఇగ రాడు" అంది అత్త.

సాయంత్రం ముగ్గురే కూర్చున్నారు. వాయించారు. నేను తలుపు మీద కొట్టలేదు. ఒకటీ కొట్టలేదు, రెండూ కొట్టలేదు. పాట మధ్యలో నారయ్య ఆగాడు.

"లోపల ఉన్నవా బిడ్డా? మేం మంచిగ వాయిస్తున్నమా, చెడగొడుతున్నమా?"

మామ అత్తతో అన్నాడు: "ఒంట్ల మంచిగున్నదా అడుగు."

అత్త లోపలికి వచ్చి నా ముఖం చూసి, ఏమీ అడగకుండా వెళ్ళింది.

"మంచిగనే ఉన్నది. మనకే బాగలేదు" అంది వాళ్ళతో.

అక్టోబర్ 2, శనివారం

చెప్పాను.

ఎట్లా అయిందో వరసగా రాస్తాను. సాయంత్రం ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. ఆయన అరుగు చివర రంపానికి పదును పెడుతున్నారు, ఎడమ చేత్తో. నేను తలుపు వెనక కూర్చున్నాను. కూర్చుని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. చెంబెడు నీళ్ళు తాగాను. తలుపు తీసి గడప దాటి నిలబడ్డాను.

మామ తల పక్కకు తిప్పుకున్నాడు, నాకు సిగ్గు అవుతుందని.

"మామా" అన్నాను.

ఆ మాట పెళ్ళయిన తర్వాత మామ ముందు మొదటిసారి అన్నాను. అత్త చేతిలో కమాను కింద పడింది.

తర్వాత ఏమన్నానో అంతా గుర్తు లేదు. రజాకార్లు వచ్చింది చెప్పాను. మిమ్మల్ని తీసుకుపోతామన్నారని చెప్పాను. పీర్‌సాబు మామ జెండా మోస్తానని ఒప్పుకుని వాళ్ళను పంపాడని చెప్పాను. "నేను తలుపు ఎనక ఉండి విన్న. నేను బయటికి రాలే. ఆయన ఒక్కడే మాట్లాడిండు" అన్నాను. ఏడవలేదు. 

మామ ఫిడేలును చాప మీద బోర్లా పెట్టాడు. లేవబోయి లేవలేకపోయాడు.

"నన్ను ఇడిపిచ్చిండు" అన్నాడు. మళ్ళీ, "నేనేమో కూసోనిచ్చిన అని గొప్ప చేసుకున్న. నన్ను ఇడిపిచ్చినోనికి చాప మీద చోటిచ్చిన అని."

నారయ్య చేపల బుట్ట వైపు చూస్తూ కూర్చున్నాడు. మామ మా ఆయన వైపు తిరిగి, "వీరిగా, లేవబట్టు నన్ను" అన్నాడు.

ఆయన రంపం పక్కన పెట్టారు. మామను లేపలేదు. చెప్పులేసుకుని వెనక వీధి వైపు వెళ్ళిపోయారు.

చీకటి పడే లోపు ఒక్కరే తిరిగి వచ్చారు.

"ఏమన్నడు?" అంది అత్త.

"ఏం అనలే. మూట మీద కూసున్నడు. నేను నిలవడ్డ. కాకా అన్న. లోపలికి వోయిండు."

అన్నం తినకుండా పడుకున్నారు. నేను చెప్పినందుకు ఆయనకు కోపం లేదు. అది నిజంగానే లేదు. ఈసారి చూసి రాస్తున్నాను.

అక్టోబర్ 3, ఆదివారం

పొద్దున బండి చప్పుడు వినిపించింది. అత్త వెళ్ళి చూసి వచ్చింది. అది వడ్ల బండి, పీర్‌సాబు మామది కాదు.

మధ్యాహ్నం దాకా బండి చప్పుడైనప్పుడల్లా ఎవరో ఒకరం లేస్తూనే ఉన్నాం. మామ రెండుసార్లు లేచాడు, ఆయన మూడుసార్లు.

అక్టోబర్ 5

పీర్‌సాబు మామ వెళ్ళలేదు. రానూ లేదు. మూటలు విప్పారో లేదో తెలియదు. దూది ఏకే చప్పుడు మాత్రం పొద్దున కాసేపు వినిపించింది. మామ చేతిలో ఉలి పట్టుకుని అది ఆగిపోయే దాకా విన్నాడు.

నేను ఇప్పుడు వాకిట్లోనే కూర్చుంటున్నాను. కొంగు నిండుగా కప్పుకుని, కొంచెం పక్కకు తిరిగి. మామ కూడా పక్కకు తిరిగే కూర్చుంటాడు. చూసేవాళ్ళకు పోట్లాడుకున్నాం అనిపిస్తుంది.

అక్టోబర్ 7, గురువారం

వచ్చాడు. పీర్‌సాబు మామ వాకిలి బయట గోడ పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఫిడేలు ఒళ్ళో ఉంది. లోపలికి రమ్మని మామ అన్నాడు. "ఈడ గాలున్నది" అన్నాడు.

ఆయన తల ఎత్తకుండా చెక్క గీరుతూ ఉన్నారు. లోపలికి వెళ్ళిపోలేదు.

పాట మొదలైంది. గోడ అవతల నుంచి ఒక తీగ బాగా దిగి వినిపిస్తోంది. అంత దూరానికి తలుపు మీద ఎంత కొట్టినా వినపడదు. అత్త వైపు చూశాను. అత్త, కావాలనే, వేరే వైపు చూసింది.

"మీ తీగ జర దిగింది మామా. ఎక్కియ్యుండ్రి" అన్నాను.



"దిగదా బిడ్డా. వారం దినాలు మూటల ఉండె" అన్నాడు పీర్‌సాబు మామ. తీగ బిగించే బిరడ తిప్పిన చప్పుడు వినిపించింది.

అక్టోబర్ 9

ఈరోజు పీర్‌సాబు మామ వాకిలి లోపల, గాబు పక్కన కూర్చున్నాడు.

నాలుగోది నారయ్య కొత్త పాట. చెరువు మీద పాడేదట. ఎవరికీ రాలేదు. అందరికీ తప్పు అని నోటితో చెప్పేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంతకు ముందు చేయి నొచ్చేది.

అక్టోబర్ 11

ఆయన మామ పాత ఫిడేలు తీసుకుని చూస్తున్నారు. కమాను ఆ వేళ్ళతో నిలవడం లేదు, జారిపోతోంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. అందరి ముందూ ఆయన దగ్గరికి ఎట్లా వెళ్తాను. అంత ధైర్యం మాత్రం ఇంకా రాలేదు నాకు.

పీర్‌సాబు మామ చూసి చూసి లేచాడు. మొల దగ్గర నుంచి నరం ముక్క తీసి, ఆ కమాను చివర ఉచ్చులాగా కట్టి, అందులో ఆయన చేయి దూర్చాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ముడి బిగించేటప్పుడు మాత్రం, "ఒత్తుతుందారా?" అన్నాడు.

"లే" అన్నారు ఆయన.

ఆ పని అయ్యాక పీర్‌సాబు మామ గాబు దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. చాప మీదే, ఆ చివర కూర్చున్నాడు. ఆయన ఈ చివర. నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఇద్దరూ ఆ ఖాళీ వైపు చూడకుండా తీగలు సవరించుకుంటున్నారు.

అత్త తన ఫిడేలు తీసుకుని వెళ్ళి అక్కడ కూర్చుంది.

"ఇద్దర్ని పాట పట్టుమను బాలమ్మా" అంది.